సాగని దారం

మా ఆయనకు ఆదివారం అంటే వాళ్ళక్కే. పొద్దున ఆరు కొట్టేసరికి వదిన కింద నిలబడి సైకిలు గంట రెండుసార్లు మోగిస్తుంది. ఈయన గాలం కర్రలు భుజాన వేసుకుని, చంటిది ఎక్కడ లేస్తుందోనని బూట్లు చేత్తో పట్టుకుని పిల్లిలా మెట్లు దిగిపోతారు. ఊరి చివర పాత రాళ్ళ క్వారీ ఒకటి నీళ్ళు నిండి చెరువైపోయింది. అక్కడ గట్టు మీద రెండు మడత కుర్చీలు వేసుకుని అక్కాతమ్ముళ్ళు సాయంత్రం దాకా కూర్చుంటారు. పట్టేది కార్పు చేపల్ని, బంగారు తీగలంటారే, వాటిని. పట్టి ఇంటికి తెస్తారా అంటే అదీ లేదు. తూకం వేసి, ముచ్చటగా చూసుకుని, మళ్ళీ నీళ్ళలోనే వదిలేసి వస్తారు.

వదినకు పెళ్ళి కాలేదు. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది, కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీస్తుంది. ఆవిడ మంచిది కాదని నేను అనను. అలా అనడానికి ఏదో ఒకటి దొరికితే బాగుండునని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. లిఫ్టులు బాగుచేసి ఇంటికొచ్చిన మనిషి నాతో "అన్నం పెట్టు", "పిల్ల పడుకుందా" తప్ప మాట్లాడరు. ఆవిడ పక్కన పన్నెండు గంటలు ఏం మాట్లాడతారో నాకు తెలియదు. నాకు కావలసింది ఒకటే, ఆ రెండో కుర్చీ. ఒక్క ఆదివారం అయినా చాలు.

గురువారం అన్నం తింటూ ఈయనే అన్నారు.

"రీల్లో దారం పాతబడింది. అక్కకు చెప్పాలి, కొత్తది తెమ్మని."

"నేను తెస్తాను."

"నీకేం తెలుసే ఆ దారాల గురించి?"

"రోజుకు పాతిక ప్యాంట్ల అంచులు కుడుతున్నాను. దారం సంగతి నాకే చెప్తారా?"

ఈయన నవ్వారు. "సరే తల్లీ, నువ్వే తే."

"తెచ్చి ఊరుకోను, ఆదివారం నేనూ వస్తాను."

"పిల్లో?"

"పిల్లతోనే."

గాలాల కొట్టాయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ఏ చేపకని అడగనైనా అడగకుండా తంగూసు చుట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు. గాజులా మెరిసే నైలాను దారం, ఒంటి పోగు.

"మీ వదినగారు ఎప్పుడూ తీసుకునేది ఇదేనమ్మా."

ఆ ముక్క అనకుండా ఉంటే నేను అదే తెచ్చేదాన్నేమో. చుట్ట విప్పి మూరెడు లాగి చూశాను. సాగింది. సాగే దారంతో కుడితే కుట్టు ముడతలు పడుతుంది. అలాంటిది నాకు పని ఇచ్చే టైలరు పంపిస్తే నేను తిప్పి పంపేస్తాను. పైన అరలో ఆకుపచ్చగా ఇంకో రకం కనబడింది, సన్నటి పోగులు జడలా అల్లినది. అడిగి తీయించుకుని లాగాను. అరచెయ్యి కోసుకుపోయేలా ఉంది గానీ వెంట్రుక వాసి కూడా సాగలేదు.

"అది సాగదమ్మా," అన్నాడు కొట్టాయన, కాస్త నసుగుతూ.

"అందుకే అది ఇవ్వండి."

ఆదివారం చంటిదాన్ని గుడ్డలో కట్టుకుని, రెండు టోపీలు, కాచి చల్లార్చిన నీళ్ళు, జ్వరం చూసే గొట్టం సంచిలో పెట్టుకుని బయలుదేరాను. వదిన నా సంచి చూసి, "నెల రోజులకు వెళ్తున్నావా మరదలా?" అంది. నేను నవ్వలేదు. గట్టు మీద కుర్చీలు రెండే. ఈయన తనది నాకిచ్చి బకెట్టు బోర్లించుకుని కూర్చున్నారు, అదీ ఆవిడ పక్కనే. నా కుర్చీ మాత్రం వాళ్ళ వెనక, చెట్టు నీడలో. పిల్లకు ఎండ తగలకూడదు కదా.

రెండు గంటలు వాళ్ళ వీపులు చూశాను. మాట్లాడుకున్నదీ పెద్దగా ఏమీ లేదు. "గాలి మారింది." "ఊఁ." "అవతల ఒడ్డున బుడగలు." "ఊఁ." ఈ ఊఁలకేనా నేనింత కాలం కుళ్ళుకున్నదని అనుకున్నాను. అయినా కుళ్ళు తగ్గలేదు. నాతో ఆ ఊఁ కూడా అనరు మరి.

పదిన్నరకు, నీళ్ళ మీద తేలుతున్న ఈయన బెండు ఒక్కసారిగా లోపలికి పోయింది. లేచి నిలబడ్డారు. కర్ర విల్లులా వంగింది.

"అదేరా," అంది వదిన మెల్లగా. మూడు వారాలుగా వీళ్ళు చెప్పుకుంటున్న పెద్ద చేప. ఒడ్డు దగ్గర నీళ్ళు పొర్లాయి, పళ్ళెమంత చేప పక్క ఒకటి బంగారు రంగులో తిరిగి కనబడింది. వదిన వల చాచింది. చేప చివరి ఊపు ఊపి కిందికి పోయింది. కర్ర ఉన్నపళంగా నిటారుగా నిలబడిపోయింది. దారం తెగలేదు. గాలం ఖాళీగా వచ్చింది, కొక్కేనికి గోరంత పెదవి ముక్క.

వదిన దారాన్ని వేళ్ళ మధ్య జార్చి చూసింది.

"ఇది అల్లిక కదరా."

"ఊఁ."

"కార్పుకి అల్లిక ఏంట్రా? దాని మూతి మెత్తన, ఆఖర్న ఎగిరి తంతుంది. దారం సాగి ఆ దెబ్బ ఓర్చుకోవాలి. చూడకుండా ఎక్కించావా?"

"చూసే ఎక్కించాను."

"మరి?"

ఈయన కొక్కెం తుడుస్తూ అన్నారు, "తను తెచ్చింది."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పల్చటి బట్టకు గట్టి దారం వేసి లాగితే చిరిగేది బట్టే. పన్నెండేళ్ళుగా కుడుతున్నదాన్ని, నాకు తెలియని సంగతా అది. ఆ దారం పనికిరాదని తెలిసీ ఆదివారం దాకా నోరెత్తని మా ఆయన, మూడు వారాల చేప పోయినా నావైపు గుర్రుగా చూడలేదు.

"కొట్టాయన నీ దారమే చూపించాడు వదినా," అన్నాను. "నువ్వు తీసుకునేది కాబట్టే వద్దన్నాను."

వదిన దారం వదిలేసి నావైపు తిరిగింది.

"నన్ను అడిగితే చెప్పేదాన్ని కదే."

"అడగబుద్ధి కాలేదు."

"అది కనబడుతూనే ఉందిలే." తన కర్ర, తంగూసు ఉన్నది, తెచ్చి నా ముందు పెట్టింది. తన కుర్చీ ఖాళీ చేసింది. "కూర్చో. దీనికి రెండు చేతులూ కావాలి. పిల్లనివ్వు."

ఏడు నెలల్లో చంటిదాన్ని ఆవిడ చేతికి నేను ఇవ్వలేదు. అడిగిన ప్రతిసారీ ఇప్పుడే తాగింది, ఇప్పుడే పడుకుంది అని ఏదో ఒకటి చెప్పాను. ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో అప్పుడు లెక్కకు వచ్చింది.

"ఎర పట్టుకున్న చేతులు వదినా."

ఆవిడ ఏమీ అనుకోలేదు. సీసాలో నీళ్ళతో, సబ్బుతో, గోళ్ళ సందుల్లో కూడా రుద్ది కడుక్కుంది. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో తుడుచుకుని చేతులు చాచింది.

"మెడ కింద చెయ్యి పెట్టాలి."

"పెడతాను."

"టోపీ తీయకూడదు."

"తీయను తల్లీ."

ఇచ్చాను. ఆయన పక్కన, రెండో కుర్చీలో కూర్చున్నాను. ఆయన నా చేతుల మీదుగా కర్ర పట్టి ఎలా విసరాలో చూపించారు. దారానికి కట్టిన బరువు దూరంగా పోయి నీళ్ళలో పడింది. దారం వేలికి తగులుతూ కొద్దికొద్దిగా సాగుతోంది, ఊపిరిలా. పట్టుమని పది నిమిషాలు కాలేదు, వెనక నుంచి కిలకిలమని నవ్వు. చంటిది అలా గొంతెత్తి నవ్వడం నేను అంతవరకు వినలేదు.

తిరిగి చూశాను. వదిన తన కళ్ళజోడు తీసి దాని ముందు ఆడిస్తోంది. పిల్ల రెండు చేతులతో ఆవిడ ముక్కు పట్టుకుంది.

"బెండు చూడవే," అన్నారు ఈయన. "కదులుతోంది."

"చూస్తున్నాను," అన్నాను, పిల్లవైపే తిరిగి ఉండి.

"వచ్చే ఆదివారం కూడా తీసుకురా మరదలా దీన్ని," అంది వదిన.

"చూద్దాంలే," అన్నాను.