చాటు

గ్రేమా తాటినార పాయలు మెలిపెట్టి తొడమీద దొర్లిస్తుంటే తాడు కాళ్ళ దగ్గర చుట్టలు చుట్టుకుంటోంది. ఏళ్ళ తరబడి రాపిడికి తొడమీద ఆ మేర వెంట్రుకే మొలవదు. ఊహ తెలిసినప్పటినుంచీ తడికలల్లి బతికినవాడు. ఇప్పుడు తాడుంది గాని చొప్ప లేదు.

రోడ్డు వారన మనిషెత్తు పైరు వెయ్యకూడదని సైన్యం ఉత్తరువు. పాలకంకి మీదున్న అతని జొన్నచేను నరికించేశారు. గ్రేమా ఎదురు చెప్పలేదు. అంతకు ముందటేడు అడవిలోని ముఠావాళ్ళు ఆ చేను చాటునే వచ్చి, అతని కొడుకుని ఆ చేలోంచే నడిపించుకుపోయారు. తరవాత సైన్యమే ఊరు ఖాళీ చేయించి, బోర్నో రాష్ట్రంలో చుట్టూ కందకం తవ్విన ఈ పట్నపు శిబిరానికి అందరినీ తెచ్చిపడేసింది.

మొన్నటి గాలివానకి శిబిరంలో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తడికలు కొట్టుకుపోయాయి. అతని భార్య యాకూరా పగలు నీళ్ళు తాగడమే మానేసింది.

"చీకటి పడేదాకా ఓర్చుకుంటాంలే. నువ్వు కందకం దాటకు" అంది.

గ్రేమా కొడవలి పట్టుకుని లేచాడు.

గేటు దగ్గర తెర్సూ అనే దక్షిణాది సిపాయి మూట విప్పించాడు. వేరుశనగ ఉండలు. అడవిలోవాళ్ళకి చేరుతుందని తిండి బయటికి పోనివ్వరు.

"మీ చుట్టాలకా బాబా?"

"నా కడుపుకే నాయనా."

"అయితే కడుపులో పెట్టుకునే వెళ్ళు."

నిలబెట్టి తినిపించాడు. పొలమారితే తన సీసాలో నీళ్ళిచ్చాడు. సాయంత్రం కాపలా మారుతుంది, కొత్తవాళ్ళకి నీ మొహం తెలియదు, పెందరాళే వచ్చెయ్యమన్నాడు.

పాడుపడ్డ ఊళ్ళో, తన చేలోనే, నరికిన మొదళ్ళనుంచి మళ్ళీ చిగిర్చిన జొన్న తలను మించి నిలబడి ఉంది. గ్రేమా లోపలికంటా వెళ్ళి, ఆకుల గలగల వింటూ నిలబడ్డాడు. కొడుకుని పేరుపెట్టి పిలవబోయి నోరు మూసుకున్నాడు. ఎవరు పలుకుతారో తెలియదు.

గట్టి కాడలు ఏరేరి కోశాడు. నాలుగు వైపులా చాలాలి కదా అని ఇంకాస్త, ఇంకాస్త కోస్తూ పోయాడు. పొద్దు వాలింది. పచ్చగడ్డి మెలేసి చుట్టకుదురు చేసుకుని మోపు నెత్తికెత్తుకున్నాడు. ఆకులు ముందుకు జారి మొహం కప్పేశాయి. దారి కాళ్ళకి తెలుసు.

కందకం దగ్గరపడగానే ఒక చెయ్యి పైకెత్తాడు. రెండోది మోపుకి కావాలి.

తుపాకి ఒక్కసారే మోగింది. ముందు మోపు పడింది, తరవాత మనిషి.

శవాన్ని లోపలికి మోసుకొచ్చినవాళ్ళలో తెర్సూ ఉన్నాడు. యాకూరా ముందు తలెత్తలేకపోయాడు.

"దూరానికి చొప్పే కదిలొస్తున్నట్టు కనపడిందటమ్మా. కింద మనిషి ఉన్నట్టు తెలియలేదట."

ఆవిడ, "ఆ చొప్పైనా ఇప్పించండి" అంది.

దాన్ని అప్పటికే తగలబెట్టేశారు. ఒక ఉగ్రవాదిని మట్టుబెట్టినట్టు రేడియోలో చెప్పారు. చెప్పేవాడి గొంతు ప్రశాంతంగా ఉంది.

కందకం అవతల, దారి మధ్యలో, తలంత గుంటపడిన గడ్డి చుట్టకుదురు ఇంకా పచ్చగానే ఉంది.