మూడో చెయ్యి

మా గుంపులో ఒక పాటను ఆపేయడానికి మూడు చేతులు చాలు.

నెలకొక ఆదివారం పొద్దున పది గంటలకు గుంతకల్లు రైల్వే కాలనీ పక్కనున్న ఒక ట్యూషన్ గదిలో మేం పదిహేను మందిమి చేరతాం. పాత వీడియో గేముల్లో వెనక మోగుతుండే చిన్న చిన్న పాటలుంటాయి కదా, వాటిని తీసుకుని ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో మాకు తోచినట్టు మళ్లీ కట్టి ఒకరికొకరు వినిపించుకుంటాం. మాలో సంగీతం చదువుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. గూడ్సు బండి గార్డు యేసన్న ఉన్నాడు. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఓబిలేష్ ఉన్నాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే నేనున్నాను, పేరు అశ్విని.

పాట నడుస్తుండగా ఎవరికి విసుగు పుడితే వాళ్లు చెయ్యెత్తుతారు. మనసు మారితే దించుకోవచ్చు. ఒకేసారి మూడు చేతులు పైన కనబడితే పాట ఆగిపోతుంది. ఎత్తినవాళ్లు కారణం ఒక్క మాటలో చెప్పాలి, 'బాగానే ఉంది కానీ' అని నసగడానికి వీల్లేదు. ఒకే పాట మూడుసార్లు ఆగిపోతే దాన్ని తెచ్చినవాళ్లు ఇక ముట్టుకోకూడదు. వేరేవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు. ఈ కట్టుబాట్లన్నీ గుంపును పెట్టిన జయరాం సృష్టి. ఆయన రైల్వేలో సిగ్నళ్లు బాగుచేస్తాడు. ఎర్రలైటు చూపించడం ఆయనకు ఇంట్లో కూడా అలవాటేనని నా అనుమానం.

నా బావి పాట అప్పటికి రెండుసార్లు ఆగిపోయింది.

చిన్నప్పుడు మా ఇంట్లో టీవీకి తగిలించి ఆడే గేము ఒకటి ఉండేది. అందులో ఒక బొమ్మ మనిషి బావిలోకి మెట్టు మెట్టూ దిగుతుంటాడు. నీళ్లు ఎంతకీ రావు. దిగినకొద్దీ ఎనిమిది స్వరాల పాట ఒకటి తిరిగి తిరిగి మోగుతుంది. మా వైపు బోర్లు వేయించినవాళ్లెవరికైనా ఆ ఆట నవ్వులాట అనిపించదు. క్యాసెట్ ఎప్పుడో పాడైపోయింది, పాట మాత్రం నా తలలోంచి పోలేదు. పదిహేనేళ్లుగా అది నాతోనే తిరుగుతోంది. దాన్ని నేను కట్టాలి, ఇంకొకరు కట్టకూడదు. నా పంతమంతా అంతే.

చాలామంది అడుగుతారు, అందులో మగ్గం చప్పుడు పెట్టావా అని. పెట్టలేదు. రోజుకు ఎనిమిది గంటలు చెవిలో పడేదాన్ని మళ్లీ పాటలో కూడా ఎందుకు పెట్టుకుంటాను?

రెండోసారి పాట ఆగింది ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర. ఓబిలేష్, యేసన్న చేతులు ముందే పైనున్నాయి. జయరాం చెయ్యి మూడోది.

"కారణం చెప్పన్నా," అన్నాను పళ్లు బిగబట్టి.

"ఏమీ జరగలేదు మా," అన్నాడు జయరాం.

"చివర్లో జరుగుతాది. మూడో నిమిషంలో తొమ్మిది వాయిద్యాలు వస్తాయి. మీరు ఆడి దాకా ఇంటే గదా?"

"చివర్లో ఏముండాదో నాకేం తెల్సు? ఇంతవరకూ ఏముండాదో అదే తెల్సు. వచ్చినప్పుడు చూద్దామని ఎవరు కూర్చుంటారు?"

ఓబిలేష్ తన సీసాలో నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మెల్లగా అన్నాడు. "అశ్వినీ, తప్పుగా అనుకోవద్దు. వచ్చే నెల గూడ ఆగిపోతే ఆ పాట నేను తీసుకుంటా. ట్యూను మాత్రం శానా బాగుండాది."

ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు ప్యాసింజరు బండిలో ధర్మవరం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కనున్నావిడ వేరుశనక్కాయలు పెడితే తీసుకున్నాను గానీ థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి ఏం చేశానో చెబితే నవ్వుతారు. చివరి నిమిషాన్ని ఇంకా గొప్పగా చేశాను. తొమ్మిది వాయిద్యాలను పదమూడు చేశాను. వినేవాళ్లు అక్కడికి రాకముందే లేచిపోతున్నారని తెలిసి కూడా అక్కడే ఇంకో రెండు వారాలు చెమటోడ్చాను. నాయన పక్కన మగ్గం మీద కూర్చుని అంచు నేస్తూ కూడా నా బుర్ర చివరి నిమిషంలోనే ఉండేది. ఒకరోజు పోగు తెంపాను. రెండోసారి తెంపాక నాయన అటూ ఇటూ పరుగెత్తే నాడెను ఆపేశాడు.

మా నాయన నరసింహప్ప నలభై ఏళ్లుగా నేస్తున్నాడు. కోపం నాకు ఆయన దగ్గర నుంచే వచ్చింది.

"ఏందే నీ బాధ? చేతులు ఈడ, బుద్ధి యాడ?"

చెప్పాను. మూడు చేతుల సంగతి, జయరాం సంగతి, పాట నాకు దక్కకుండా పోయే సంగతి అంతా చెప్పాను. ఆయన మొత్తం విని, "మొత్తం వినకుండా ఆపేదానికి వాళ్లెవరు?" అని నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. నాకు కాస్త హాయిగా అనిపించింది గానీ పని మాత్రం కాలేదు.

మూడో వారం చీర పూర్తయింది. మా దగ్గర రవిక గుడ్డతో మొదలుపెట్టి, ఒళ్లంతా నేసుకుంటూ పోయి, కొంగు ఆఖర్న నేస్తాం. ఇరవై రోజుల పాటు ఒకటే బుటా, ఒకటే అంచు. ఆఖరి రెండు రోజుల్లో మాత్రం నెమళ్లు, ఏనుగులు, జరీ అన్నీ ఒక్కసారిగా వస్తాయి. ఆ రెండు రోజులూ నాకు అన్నం కూడా గుర్తుండదు. చీర కోసి మడత పెట్టాక చూడడానికి దుకాణదారు తిప్పేస్వామి వచ్చాడు. ఎప్పుడూ ఆయనే మా చీరలు తీసుకుంటాడు. మంచి మనిషే, కానీ ఓపిక తక్కువ.

"చూపించు మా," అని చాప మీద కూర్చున్నాడు.

నేను మడతను చేతిలోకి తీసుకుని ఎప్పటిలాగే కొంగును ఆయన ముందు పరిచాను. ఆయన ముందుకు వంగి నెమళ్లను వేలితో తడిమాడు. తర్వాత తనే చీరను లాక్కుని, ఒళ్లంతా మూర మూర చొప్పున విప్పుకుంటూ, బుటా బుటా చూసుకుంటూ ఆఖరున రవిక గుడ్డ దాకా పోయాడు. ఒక్క మూర కూడా వదల్లేదు. మధ్యలో కాఫీ తెస్తే దాన్ని పక్కన పెట్టేశాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. నేసేటప్పుడు కొంగు చివర వస్తుంది. చూపించేటప్పుడు ముందు పడుతుంది. ఈ పని నా చేతులు పదేళ్లుగా చేస్తున్నాయి. ఏనాడైనా రవిక గుడ్డ వైపు నుంచి చీర విప్పి, 'ఆగు సామీ, ఐదున్నర గజాల తర్వాత నెమళ్లు వస్తాయి' అన్నానా? అంటే తిప్పేస్వామి చెప్పులేసుకుని పోయి ఉండేవాడు. నా పాటను మాత్రం నేసిన వరుసలోనే తీసుకుపోయి జనం ముందు పెట్టాను, రెండుసార్లు.

జయరాం చెప్పింది నిజం. ఆ మాట ఒప్పుకోవడం నాకు పోగు తెగడం కంటే కష్టమైంది. కాసేపు వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దాను.

ఆ తర్వాత వారం రోజులు పొద్దున మగ్గానికి ముందు రెండేసి గంటలు కూర్చుని పాటను తిరగేశాను. పదమూడు వాయిద్యాల్లో ఐదింటిని తీసి పారేశాను. మిగిలిన ఎనిమిదింటినీ మొదటి ఇరవై సెకన్లలోనే పరిచాను. అవి ఒక్కటొక్కటిగా తప్పుకుంటుంటే బావి లోతు తెలిసింది. దిగినకొద్దీ ఒక వాయిద్యం తగ్గుతుంది. మూడో నిమిషంలో ఎనిమిది స్వరాలు, దూరంగా ఒక గంట, అంతే మిగులుతాయి. అక్కడ నీళ్ల గలగల వినిపిస్తుంది. ఆటలో ఎప్పుడూ రాని నీళ్లు నా పాటలో వస్తాయి. ఆ చోటు మొదటిసారి వినిపించినప్పుడు నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

ఆదివారం నాయన కూడా బయల్దేరాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, "నా బిడ్డ పాటను ఆపే మొనగాండ్లు ఎవరో చూసొద్దాం పద," అన్నాడు. వద్దంటే ఆగే మనిషి కాదు.

ట్యూషన్ గదిలో మొదటి వరుసలో పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాడు. ఎవరిదో ఒక పాట మొదలైన పది సెకన్లకే చెయ్యెత్తాడు.

"పెద్దాయనా, చుట్టాలకు చెయ్యి లేదు," అన్నాడు జయరాం.

"బాగలేదని చెప్పేదానికి చుట్టమైతే ఏం, కాకపోతే ఏమప్పా?" అని నాయన చెయ్యి దించాడు గానీ మొహం దించలేదు. ఆ పాట ఎలాగూ నిమిషంలోపే ఆగిపోయింది.

నాలుగోది నాది. జయరాం నా ఫైలు పెడుతూ పేరు చదివాడు. "బావి. మూడోసారి." ఓబిలేష్ నా వైపు చూసి చిన్నగా తల ఊపాడు. అతని మీద నాకు కోపం పోయింది. నా చోట అతనుంటే నేనూ అదే అడిగి ఉండేదాన్ని.

పాట మొదలైంది. ఎనిమిది వాయిద్యాలూ ఒక్కసారిగా గదిలోకి వచ్చాయి. యేసన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇరవై సెకన్లు. నిమిషం. నేను చేతులనే చూస్తున్నాను, ఎవరి మొహమూ చూడలేదు. పదిహేను మంది చేతులు మోకాళ్ల మీదున్నాయి, పదహారో మనిషి మా నాయన చేతులు కట్టుకుని ఉన్నాడు.

నిమిషమున్నర దగ్గర రెండు వాయిద్యాలు తప్పుకున్నాయి. అక్కడ పాట కాస్త పలచబడుతుందని నాకు తెలుసు. ఓబిలేష్ చెయ్యి లేచింది. ఐదు సెకన్ల తర్వాత యేసన్నది. ఒక నిమిషం నలభై. పోయినసారి సరిగ్గా ఇక్కడే ఆగింది. జయరాం కుడిచెయ్యి మోకాలి మీద నుంచి కదిలి గడ్డం దాకా వచ్చింది. అక్కడే ఆగింది. మా నాయన ఆ చేతిని మింగేసేలా చూస్తున్నాడు.

ఇంకో వాయిద్యం తప్పుకుంది. కింద నుంచి గంట మొదటిసారి మోగింది.

యేసన్న తల పక్కకు వంచి విన్నాడు. చెయ్యి దించుకున్నాడు. మా గుంపులో ఎత్తిన చెయ్యి దిగడం అంతకు ముందు నేను ఒక్కసారే చూశాను. ఓబిలేష్ చెయ్యి ఇంకా పైనే ఉంది. అతనికి ఆ పాట కావాలి, దించుకుంటే దక్కదు. రెండు నిమిషాలు దాటాయి. రెండున్నర. పాట ఒక్కొక్క మెట్టే దిగుతోంది. ఓబిలేష్ కళ్లు మూసుకున్నాడు. అతని చెయ్యి మెల్లమెల్లగా మోచేతి దగ్గర వంగి, ఒళ్లో పడింది. అతను కళ్లు తెరవలేదు.

జయరాం గడ్డం గోక్కుని చెయ్యి కింద పెట్టేశాడు.

మూడో నిమిషం వచ్చింది. ఇప్పటిదాకా నేను తప్ప ఎవరూ వినని మూడో నిమిషం అది. ఎనిమిది స్వరాలు, గంట, ఆ తర్వాత నీళ్లు. పాట పూర్తిగా అయిపోయింది. మూడు నిమిషాల నలభై రెండు సెకన్లు.

చప్పట్లు కొట్టే అలవాటు మా గుంపులో లేదు. జయరాం పాటను వెనక్కి, రెండున్నర నిమిషాల దగ్గరకు జరిపాడు.

"రెండున్నర నిమిషాల కాడ బేసు ఎక్కువైంది," అన్నాడు. "గది బండలు అదురుతాండాయి. తగ్గించు మా."

"ఆ గంట ఉండాదే, మూడో నిమిషంలోది," అన్నాడు యేసన్న, "అది అర సెకను ఆలస్యంగా పడతాంది."

ఓబిలేష్ కళ్లు తెరిచాడు. "నీళ్లు వచ్చినాక ఇంకో పది సెకన్లు ఉండాల. అంత దూరం దిగినాక ఎంటనే పొమ్మంటే ఎట్ల? నేనైతే ఉంచుతా. అంటే, నాదై ఉంటే."

వెనక నుంచి ఇంకెవరో ఆఖరి స్వరం గట్టిగా ఉందన్నారు. ఇంకొకరు మెత్తగా ఉందన్నారు. ఇద్దరూ వాదించుకోవడం మొదలుపెట్టారు.

మా నాయన బెంచీ మీద నుంచి లేచాడు. "ఏమప్పా, ఆఖరి దాకా ఇని గూడ వంకలేనా మీకు?"

"నాయనా, నువ్వు కూర్చో," అన్నాను. "వాళ్లు మూడో నిమిషం గురించి మాట్లాడతాండారు."

ఆయన నన్ను చూసి, వాళ్లను చూసి, మళ్లీ ఆ చిన్న బెంచీలో ఇరుక్కున్నాడు. నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది. నా పాటకు ఐదు తప్పులు పట్టారు, ఐదూ రెండో నిమిషం దాటాక ఉన్నవే. నేను పుస్తకం తీసి అన్నీ రాసుకున్నాను, ఆఖరి స్వరం గురించిన రెండు మాటలతో సహా.

గంట దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేదు. బావి లోతుగా ఉన్నప్పుడు చప్పుడు ఆలస్యంగానే వస్తుందన్నాను. యేసన్న కాదన్నాడు. ఓబిలేష్ నా వైపు చేరాడు. జయరాం ఆ ముక్కను మళ్లీ వినిపించాడు, ఇంకోసారి వినిపించాడు. మా నాయన కూడా గంట గురించి ఏదో అనబోతే చుట్టాలకు మాట కూడా లేదన్నాడు జయరాం. అయినా నాయన అననే అన్నాడు. మేం ఎక్కాల్సిన ధర్మవరం బండి కూత పెట్టి పోయింది. ఎవరమూ లేవలేదు, గంట సంగతి ఇంకా తేలలేదు.