వేలెత్తితేనే వేలం

తిరువూరులో బసవపున్నయ్య మామిడి మండీ దగ్గర జయకర్ పాట అందుకున్నాడంటే ఊళ్ళో మైకులు కూడా సిగ్గుపడేవి. సినిమా పాట కాదండోయ్, వేలం పాట! రెండేళ్ళ కిందట ఆ పాటలో పిలవని కోరస్ ఒకటి చేరింది. మనుషుల్లేని గొంతులు. ఓ రోజు బంగినపల్లి కుప్పను ఆ గొంతు చెప్పిన రేటుకే పాట ఖాయం చేసేశాడు. కొన్నవాడు లేడు, కుప్ప కుళ్ళింది.

దయ్యమన్నారు, మందు పెట్టారన్నారు. విజయవాడ డాక్టరు స్కిజోఫ్రెనియా అన్నాడు. ఆ పేరుకు ఎవరి నోరూ తిరగలేదు గానీ, విన్న చుట్టాలు మాత్రం గిర్రున వెనక్కి తిరిగారు. జయకర్ పని పోయింది. అతన్ని కనిపెట్టుకుని ఉండటానికి భార్య హెప్సిబా కుట్టుపని మానేసింది. ఒక్క జబ్బు, రెండు జీతాలు మింగింది.

మాత్రలతో గొంతులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. మళ్ళీ పని అడగబోతే, "ఒక్క కుప్ప పాడి చూపించు. తేడా వస్తే మళ్ళీ ఈ గేటు తొక్కొద్దు" అన్నాడు బసవపున్నయ్య.

"మధ్యలో అవి కూడా పాడితేనో?" వేలం రోజు ఉదయం చొక్కా తొడుక్కుంటూ అడిగాడు జయకర్.

"పాడనివ్వండి. వాటికేమన్నా చేతులున్నాయా? తువ్వాలు పైకెత్తినోళ్ళదే పాటని చెప్పెయ్యండి" అంది హెప్సిబా.

మండీలో అలాగే చెప్పాడు.

"నా పెళ్ళిలో తలంబ్రాలక్కూడా ఇన్నిసార్లు చెయ్యెత్తలేదయ్యా!" అన్నాడు విస్సన్నపేట నుంచి వచ్చిన షావుకారు. అయినా ఎత్తాడు.

పాట జోరందుకుంది. హఠాత్తుగా వెనకనుంచి, "ఇంకో నూరు!"

జయకర్ గుంపు వైపు చూశాడు. ఒక్క తువ్వాలూ లేవలేదు. గేటు దగ్గర హెప్సిబా మునివేళ్ళ మీద లేచి చూసింది.

"ఇంకో నూరు!"

"గొంతు వినపడింది, తువ్వాలు కనపళ్ళేదు. చెల్లదు!" అని అరిచి, జయకర్ షావుకారు పాటకే ఖాయం చేసేశాడు.

"ఒరేయ్, అది నేనురా!" కుప్ప వెనక నుంచి బసవపున్నయ్య పైకి లేచాడు. "రేటు కాస్త లేపుదామనీ..."

 మండీ అంతా ఘొల్లున నవ్వింది.

"ఓహో! ఇన్నాళ్ళూ రేటు పెంచడానికి మా మీద పాడిన ఆ కనపడని ఆసామివి నువ్వా బసవపున్నయ్యా? నీకెవరయ్యా మాత్రలిచ్చేది?" అన్నాడు షావుకారు. "రేపట్నుంచి జయకరే పాడాలి. లేకపోతే మేం రాం."

బసవపున్నయ్య మొహం కలెక్టరు మామిడికాయలా పచ్చబడింది. "సరే, రేపు పెందలాడే వచ్చెయ్యి" అన్నాడు జయకర్‌తో.

హెప్సిబా మంచినీళ్ళ సీసా తీసుకుని లోపలికొచ్చింది. "పాట అయిందిగా, ఇక మాత్ర. అది మాత్రం మానేది లేదు."

జయకర్ నవ్వి తువ్వాలెత్తాడు.