ఆవిరి పట్టే అద్దం

నేను ఒక చేతి అద్దాన్ని. గులాబీ రంగు ప్లాస్టిక్ చట్రం, వెనక ఒంటికాలి నెమలి. అచ్చు వేసినవాడికి తొందరెక్కువ. నాలో మొదట ముఖం చూసుకున్నది నన్ను తయారుచేసిన షెడ్డు మేస్త్రీ. తన పళ్లు చూసుకుని, అద్దం సరిగ్గా రాలేదని విసుక్కున్నాడు. మనుషులతో నా పరిచయం అలా మొదలైంది.

తీర్థం జాతరలో ఎర్రయ్యమ్మ నన్ను కొనుక్కుని, విశాఖ రేవు వెనక కాలనీలో తన ఇంటికి తీసుకెళ్లింది. ఆమె బొట్టు పెట్టుకునేది. మొగుడు కొండబాబు గడ్డం గీసుకునేవాడు. అతను రేవులో మూటలు మోసే కళాసీ. నడుం పట్టేస్తే డాక్టరు నొప్పి బిళ్లలు రాశాడు. నొప్పి తగ్గింది గానీ బిళ్లలు తగ్గలేదు. అవీ చాలక మత్తు సూదిమందులోకి దిగాడు. ఆ కాలనీకి మంచినీళ్ల కుళాయి దూరం. డాక్టరు చీటీ అడగని మందుల కొట్టు మాత్రం మలుపులోనే ఉండేది. కొండబాబు గడ్డం గీసుకోవడం మానేశాడు. నాకు విశ్రాంతి దొరికిందని సంబరపడ్డాను.

వాళ్ల కూతురు నూకరత్నం నాలుగో తరగతి చదివేది. పక్క వీధిలో ఒకతను సూదిమందు ఎక్కించుకుని పడుకుని మరి లేవలేదు. ఎవరో అతని ముక్కు దగ్గర అద్దం పెట్టి, ఆవిరి పట్టలేదని తల అడ్డంగా ఊపారు. రత్నం అక్కడే నిలబడి చూసింది. పిల్లలు చూడకూడదని పెద్దలకు గుర్తొచ్చి తలుపు వేసింది ఆ తర్వాతే.

మర్నాటి నుంచి ఆ పిల్ల బడి మానేసింది. తల్లి రొయ్యల షెడ్డులో పనికి వెళ్లగానే, మత్తులో పడున్న తండ్రి ముక్కు దగ్గర నన్ను పెట్టేది. ఆవిరి పడితే గౌనుతో తుడిచి మళ్లీ పెట్టేది. తాను అద్దం పెడుతున్నంతకాలమే నాన్న ఊపిరి ఆడుతుందని ఆమె నమ్మకం. తన ముఖం మాత్రం నాలో ఒక్కసారీ చూసుకోలేదు. అద్దానికి ఇంతకంటే అవమానం ఉండదు. కానీ ఆవిరి పట్టడం ఒక్క క్షణం ఆలస్యమైతే నాకూ భయమేసేది.

ఇలాంటి ఇళ్ల పిల్లలతో మాట్లాడటానికి వసుంధర మేడం కాలనీ సామాజిక భవనానికి వచ్చేది. బడికి రాని రత్నాన్ని వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది.

“నానెలిపోతే మా నాన్నని ఎవులు సూస్తారు మేడం?” అంది రత్నం.

భయపడకు అని అందరూ చెప్పే మాట మేడం చెప్పలేదు. “భయమేస్తుందమ్మా. ఎవరికైనా వేస్తుంది. కానీ ఇది నువ్వొక్కదానివే చెయ్యాల్సిన పని కాదు,” అంది. రత్నం అప్పుడు ఏడ్చింది. చాలా సేపు ఏడ్చింది.

ఎర్రయ్యమ్మ, మేడం కలిసి కొండబాబును ఒప్పించి, మత్తు మాన్పించే ఆసుపత్రిలో చేర్చారు. ఆసుపత్రి గుమ్మం దగ్గర రత్నం కదల్లేదు.

“ఈల్ల దగ్గర అద్దం ఉన్నాదేటి?”

నర్సు నవ్వలేదు. “లేదమ్మా, నీది ఇచ్చెళ్లు. నేను చూస్తుంటాను,” అని నన్ను తీసుకుంది. ఊపిరి కొలిచే ఖరీదైన యంత్రం పక్కన నన్ను పెట్టింది. ఏమీ తెలియకపోయినా పెద్దమనిషిలా కూర్చున్నాను.

కొండబాబు నన్ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఒకసారి తిరిగి మత్తులోకి జారాడు, మళ్లీ ఆసుపత్రికి వెళ్లొచ్చాడు. పిల్ల దగ్గర్నుంచి అద్దం లాక్కోవద్దని మేడం ముందే చెప్పింది. అందుకని రోజూ బడి వేళకు కొండబాబే నా మీద “హా” అని ఊదేవాడు.

“ఇదిగో సూడమ్మా, ఉన్నాను.”

రత్నం చూసి, తుడిచి, బడికి వెళ్లేది. సాయంత్రాలు సామాజిక భవనంలో మేడంతో మాట్లాడేది, బొమ్మలు వేసేది, మిగతా పిల్లలతో దెబ్బలాడేది.

ఒక పొద్దున వీధిలోంచి స్నేహితురాళ్లు కేకేశారు. రత్నం సంచీ తగిలించుకుని పరుగెత్తింది. కొండబాబు అప్పటికే ఊదిన అద్దంతో గుమ్మంలో నిలబడ్డాడు.

“రత్నా, అద్దం సూడవే!”

“సాయంత్రం సూస్తాన్లే నాన్నా!” అని మలుపు తిరిగిపోయింది.

తుడిచేవాళ్లు లేక ఆవిరి దానంతటదే ఆరింది. నాలో కొండబాబు ముఖం కనిపించింది. కళ్లు తుడుచుకుని, గడ్డం గీసుకోవడానికి నన్ను మేకుకు తగిలించాడు.

మనుషులు మమ్మల్ని మరిచిపోతే వస్తువులం నొచ్చుకుంటాం. ఆ రోజు మాత్రం, నన్ను మరిచి పరుగెత్తిన ఆ పిల్లను చూసి నేను ఎంత సంతోషించానో చెప్పలేను.