కాటాలాయన కారు

కాటాలాయన కారు పొగ పరీక్షలో ఒకసారి తప్పింది. పది రోజుల్లోపు మళ్లీ తీసుకురమ్మన్నారు. ఈసారీ తప్పితే నంబరు పలకలు అక్కడే విప్పేసుకుంటారు. పలకలు పోయాక కారు ఇక తుక్కు కిందే లెక్క. చూస్తుండగానే తొమ్మిది రోజులు గడిచిపోయాయి.

కొట్లలో తూకం వేసే కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూడడం, తప్పు తూగేవాటిని దారికి తేవడం ఆయన పని. అందుకే అందరూ కాటాలాయన అంటారు. ఆ పనికి ప్రమాణపు రాళ్లు కావాలి. చెక్కపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కో రాయికి ఒక్కో గుంట చేసి, వాటిని పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెడతాడు. ఆ పెట్టె ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కడం అయ్యే పని కాదు. ఇరవై రెండేళ్లుగా అది కారు వెనక సీట్లో, పెళ్లికి బయల్దేరిన పెద్దమ్మలా కూర్చుని ఊరూరా తిరుగుతోంది. కారు లేకపోతే పెట్టె కదలదు. పెట్టె కదలకపోతే ఆయనకు పని లేదు. అరవై మూడేళ్లు వచ్చాయి, ఇప్పుడు కొత్త పని చేతికి పట్టుబడదు.

బావమరిది మెకానిక్. ఈ తొమ్మిది రోజుల్లో అతను నూనె మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, గాలి వడపోసే జల్లెడ మార్చాడు. పొగ మాత్రం మారలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం వెనక గొట్టంలో వేలు పెట్టి తీసి, నల్లగా అంటిన మసిని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"బావా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ కారుకి నాలుగో గేరు ఉందని నీకు తెలుసా?"

"గేరు కర్ర మీద రాసి ఉంది కదా."

"రాసి ఉండటం సరే. ఎప్పుడైనా వేశావా?"

కాటాలాయన వంగి టైరు మీద మట్టి గీకాడు. షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య అందుకుంది.

"వేస్తే బండి ఉరుకుతుందట. ఉరికితే రాళ్లు ఒకదానికొకటి తగులుతాయట. తగిలితే వెంట్రుకవాసి అరుగుతాయట. అవి అరిగితే లోకంలో తూకాలన్నీ తప్పుతాయట. ఇరవై రెండేళ్లుగా ఇదే వింటున్నానురా తమ్ముడూ."

"మరి ఎంతలో నడుపుతాడక్కా?"

"మన వీధి దాటేలోపే పక్కన నడిచి పోయేవాళ్లు పలకరిస్తారు. బాగున్నారా అంటారు. నేను బాగున్నాం అన్నది కూడా విని మరీ ముందుకెళ్లిపోతారు."

బావమరిది నవ్వలేక గొట్టం పట్టుకుని కూలబడ్డాడు. తేరుకుని వేలు గుడ్డకు తుడుచుకున్నాడు.

"రోగం దొరికింది. కారుకి ఏ జబ్బూ లేదు బావా, గారాబం చేసి చెడగొట్టావు. సన్నమంట మీద ఇరవై రెండేళ్లు వండితే గిన్నె అడుగు ఎలా ఉంటుంది? లోపలంతా అదే."

"ఏం చేద్దాం మరి?"

"పరుగెత్తించాలి. రేపు తెల్లవారుతుండగా పెద్దరోడ్డెక్కు. ఇంజను బాగా వేడెక్కాలి కాబట్టి మూడో గేరులోనే ఎనభై మీద, గంటసేపు. అరుస్తుంది, అరవనీ. మసి కాలిపోతుంది. అట్నుంచి అటే పరీక్షకి పో. వరసలో ఎంతసేపు నిలబడ్డా ఇంజను ఆపకు. చల్లారిందంటే పడ్డ కష్టమంతా బూడిదే."

"రాళ్లు?"

"ఇంట్లో పెట్టు. అవీ ఒకరోజు పడుకుంటాయి."

మర్నాడు వెలుగు రాకముందే బయల్దేరారు. వెనక పెట్టె లేకపోయేసరికి కారు వెనక భాగం జానెడు పైకి లేచింది. అద్దంలో ఎప్పుడూ పెట్టె మూతే కనిపించేది. ఇవాళ రోడ్డు కనిపించింది. తను వదిలిపెట్టి వస్తున్న రోడ్డు అలా ఉంటుందని కాటాలాయన ఎప్పుడూ చూడలేదు.

భార్య ఎప్పటిలాగే తల వాల్చి కళ్లు మూసుకుంది. ఆవిడకు కారే ఊయల. వీధి దాటితే చాలు, నిద్ర ముంచుకొస్తుంది. ఇన్నేళ్లలో ఆయనతో ఎన్ని ఊళ్లు తిరిగిందో, అన్ని ఊళ్లూ నిద్రలోనే తిరిగింది.

పెద్దరోడ్డు ఎక్కాక ఆయన ఒకసారి గొంతు సవరించుకుని కాలు అదిమాడు. ముల్లు యాభై దాటింది. అరవై దగ్గర తలుపులు గలగలమన్నాయి. డెబ్బై దగ్గర ఇంజను గొంతు మారింది, తప్పిపోయినవాళ్లని పిలుస్తున్నట్టు. ఆయన చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. ఎనభైకి వచ్చేసరికి వెనక అద్దం నిండా నల్లటి మబ్బు లేచింది. ఒక కారులో అంత చీకటి ఇముడుతుందా అనిపించింది ఆయనకు. ఇరవై రెండేళ్ల దారులన్నీ, నెమ్మదిగా దాటిన ప్రతి మలుపూ, లోపల దాచిపెట్టుకున్నదంతా విప్పి వెనక్కి విసురుతున్నట్టుంది.

"ఏమండీ," అంది భార్య. కళ్లు తెరిచి ఉన్నాయి. "మనం ఎగురుతున్నామా?"

"ఎనభై."

"ఎనభై అంటే ఇలా ఉంటుందా?"

ఆవిడ మళ్లీ కళ్లు మూయలేదు. పొలాల మీద పొగమంచు దుప్పటిలా పరుచుకుని ఉంది. అందులోంచి కరెంటు స్తంభాలు నడుముల దాకా మునిగి, ఒకదాని వెనక ఒకటి కదిలిపోతున్నాయి. ఒక పశువు తలెత్తి చూసింది, వీళ్లు తిరిగి చూసేలోపు అది లేదు. సూర్యుడు ఇంకా రాలేదు. తూర్పున మాత్రం కడిగిన రాగిచెంబు రంగు. దూరాన చెట్లు నిలబడి ఉన్నాయి, దగ్గర చెట్లు పరుగెడుతున్నాయి, రెంటి మధ్య ఎక్కడో కారు ఒక్కటే కదలకుండా ఉన్నట్టుంది.

"ఆ ఇల్లు ఎవరిది? మేడ మీద నీలం తలుపు?"

"అది ఎప్పట్నుంచో ఉంది. ప్రతి నెలా ఆ పక్కనుంచే వెళ్తాం."

"నాకు చెప్పలేదే."

"నిద్రపోతుంటావు."

"లేపొచ్చుగా."

కొంతసేపయ్యాక ఆయన అద్దంలోకి చూస్తే మబ్బు నల్లగా లేదు, బూడిదరంగులో ఉంది. ఇంకొంతసేపటికి వెనక రోడ్డు, రోడ్డు మీద ఎండ, అంతే. ఇంజను అరుపులో ఇప్పుడు గరగర లేదు. ఒకే శ్రుతిలో, తన మానాన తను పాడుకుంటున్నట్టు పోతోంది. ఆయన భుజాలు ఎప్పుడు దిగాయో ఆయనకే తెలియదు.

పరీక్ష షెడ్డు దగ్గర వరసలో పదకొండు కార్లున్నాయి. ఇంజను ఆపలేదు. కారు అక్కడే నిలబడి వణుకుతూ ఉంది. నాలుగు కార్లు కదిలేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. ఆపితే చల్లారుతుంది, ఆపకపోతే కాలిపోతుంది. కాటాలాయన నుదుటిమీద చెమట పట్టింది. చెయ్యి తాళం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"చలికాలం కాళ్లకి వెచ్చటి గాలి వస్తుంది కదా," అంది భార్య. "ఆ వేడి ఎక్కడిది?"

"ఇంజనుది."

"మరి తీసుకోండి దాన్ని."

ఆయన ఆవిడ వైపు చూశాడు. మీట తిప్పాడు. కాళ్ల దగ్గర బుస్సుమని వేడిగాలి. కిటికీలు దించుకుని, మండే ఎండలో హీటరు వేసుకుని కూర్చున్నారు ఇద్దరూ. ఆవిడ చెప్పులు విప్పి పాదాలు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. పక్క వరసలో ఉన్నతను వింతగా చూస్తే, "మాకు చలెక్కువ," అంది. ముల్లు ఆగింది. తర్వాత కొద్దికొద్దిగా వెనక్కి వచ్చింది.

షెడ్డు లోపల పరీక్ష చేసేది ఒకావిడ. కొప్పులో పెన్సిలు గుచ్చుకుని, కళ్లద్దాలు మెడలో దారానికి వేలాడేసుకుంది. చక్రాల బల్ల మీద మిషను పెట్టుకుని కారు కిటికీ పక్కకు తోసుకొచ్చింది. మిషనుకి పొడుగాటి గొట్టం, దాని కొస కొక్కేనికి వేలాడుతోంది.

ఏ కొట్లోకి వెళ్లినా కాటాలాయన మొదట చూసేది ఖాళీ పళ్లెం. ఏమీ వేయకముందు కాటా ఏం చెబుతోందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. అలవాటు చొప్పున ఇక్కడా చూశాడు. గొట్టం ఇంకా గాలిలోనే ఉంది. మిషను మీద సున్నా లేదు. చిన్న అడ్డగీత, దాని పక్కన సున్నా, చుక్క, నాలుగు. సున్నా కంటే సున్నా చుక్క నాలుగు కిందకి ఉంది.

ఆవిడ గొట్టం కొస పొగ వచ్చే చోట దూర్చింది. "తొక్కి పట్టుకోండి పెద్దాయనా." తొక్కాడు. అంకెలు లేచాయి, దిగాయి, రెండు చుక్క ఎనిమిది దగ్గర నిలిచాయి.

"మూడు దాటకూడదు, దాటలేదు. పాసు. కాగితం తీస్తున్నాను."

పక్కన భార్య ముఖం విప్పారింది. కాటాలాయన మనసులో మాత్రం రెండు చుక్క ఎనిమిది పక్కన ఆ తగ్గిన నాలుగు వచ్చి కూర్చుంది. మూడు చుక్క రెండు. వేల కొట్లు గుర్తొచ్చాయి ఆయనకు, వాటిల్లో వేల మంది మనుషులు, అందరూ ఒకే గొంతుతో అనే మాట. నాలుగు గింజల తేడాయే కదండీ. ఆయన వాళ్లకి ఎప్పుడూ ఏమీ చెప్పేవాడు కాదు. పెట్టె మూత తీసేవాడు, అంతే. షెడ్డులో వెలుతురు పైనుంచి మెల్లగా దిగుతోంది, దుమ్ము అందులో తేలుతోంది. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు. మాట్లాడకుండా ఉండటం ఆయనకు బాగా వచ్చిన పని.

"అమ్మా, ఆగండి," అన్నాడు. "మీ కాటా ఖాళీగా ఉన్నప్పుడే తక్కువ చూపిస్తోంది."

"ఇది కాటా కాదు, మిషను."

"ఏదైనా తూచేదే కదమ్మా."

"అంటే మీకు అన్యాయం జరిగిందంటారా?"

"లేదు. నాకు కాస్త ఎక్కువ న్యాయం జరిగింది."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుంది. గొట్టం బయటికి లాగి గాలిలో పట్టుకుంది. అడ్డగీత అలాగే ఉంది.

"పొద్దున లారీ లోపల ఉండగానే సున్నా చేశాను. మిషను ఆ పొగనే మంచి గాలి అనుకుంది." నుదురు కొట్టుకుంది. "పదిహేను కార్లు పంపేశాను. వాళ్లందర్నీ మళ్లీ పిలవాలి." తర్వాత ఆయన వైపు వంగింది. "సరిచేస్తే మీ పాసు పోవచ్చు. తెలిసే అడుగుతున్నారా?"

"తెలిసే."

వెనక కారులోంచి హారను మోగింది. "ఏంటండీ, ఆయన కారుకి పేరు పెడుతున్నారా?" అని ఎవరో అరిచారు.

భార్యకు విషయం చెప్పాడు. ఆవిడ విన్నది. ముందు అద్దంలోంచి బయటికి చూసింది. "పలకలు తీసేస్తే?"

"తీసేస్తారు."

"సరే, చేయించండి. రేపు ఇంకొకరి కాటా తప్పని చెప్పాలంటే మీకు నోరుండాలిగా." ఒడిలో చేతులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

పరీక్షావిడ గొట్టాన్ని వెనక తలుపులోంచి బయటికి, గడ్డి మీదుగా గాలి వచ్చే చోటికి లాక్కెళ్లి పట్టుకుంది. మూడు నిమిషాలు పట్టింది. అంతసేపూ కారు తన పాట తను పాడుకుంటూనే ఉంది. మిషను మీద అడ్డగీత పోయింది, మూడు సున్నాలు వరసగా వెలిగాయి.

"ఇప్పుడు తొక్కండి. నేను ముప్పై లెక్కపెట్టేదాకా అంకె కదలకుండా ఉండాలి. అప్పుడే రాస్తాను."

తొక్కాడు. మూడు చుక్క నాలుగు. మూడు చుక్క రెండు. అక్కడ ఊగుతూ ఉండిపోయింది. కాటాలాయన అంకెల్ని చూడటం మానేశాడు. ఊగే కాటాను చూస్తే కళ్లు మోసపోతాయి. చెవి పెట్టి ఇంజనునే విన్నాడు. పొద్దున రోడ్డు మీద వినిపించిన ఆ ఒకే శ్రుతి ఎక్కడుందా అని వెతికాడు. కొంచెం అదిమాడు. అరికాలి కింద అది తగిలింది. నీలం తలుపు, మంచులో మునిగిన స్తంభాలు, కదలకుండా పరుగెత్తే కారు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

పరీక్షావిడ లెక్క మొదలుపెట్టింది, ఆపింది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. పదిహేను. ఇరవై రెండు. వెనక హారను కూడా ఆగిపోయింది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది.

"ముప్పై. రెండు చుక్క తొమ్మిది. పాసు." మిషనులోంచి కాగితం కిర్రుమంటూ బయటికి వచ్చింది. ఆవిడ దాన్ని చించి కిటికీలోంచి అందించింది. భార్య అందుకుంది.

ఇంజను ఇంకా అదే శ్రుతిలో మోగుతోంది.

"అయిపోయింది పెద్దాయనా," అంది పరీక్షావిడ. "ఇక కాలు తీయండి."