అరలో మిగిలిన అచ్చు

గురునాథరావు చనిపోయిన మంగళవారం నాడే కూర్మన్నపాలెంలోని ట్రస్టు నుంచి ఫోను వచ్చింది, కృత్రిమ కాలికి ఆయన వంతు దగ్గరపడిందని. ఆయన భార్య రోజారమణి ఫోను తీయలేదు; తర్వాత వాళ్లు పెట్టిన మెసేజీ చూసింది. షుగరు ముదిరి ఆయనకు మోకాలి కింద కాలు తీసేశాక, కొలతకని ప్లాస్టరుతో అచ్చు పోసింది అక్కడే.

పదకొండో రోజు దాటాక, గురువారం, బడికి వెళ్తూ, ఆయన పోయిన సంగతి చెప్పేసి వెళ్దామని ట్రస్టు దగ్గర ఆటో దిగింది. దిగి, బ్యాగులోంచి బొట్టుబిళ్ల తీసి పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియలేదు.

లోపల సొఖా చేతులు కడుక్కుంటున్నాడు. కాళ్లు చేసే పనివాడు ఇక్కడ దొరక్క ట్రస్టువాళ్లు ఏడాది వీసా మీద కంబోడియా నుంచి రప్పించుకున్న మనిషి. శనివారంతో ఆ గడువు తీరిపోతుంది. కాలు చేయడానికి రెండు రోజులు. అరలో ఇంకా రెండు అచ్చులు ఉన్నాయి.

రెండో అచ్చు సింహాద్రిది. అచ్యుతాపురంలో లోడింగు పనిలో కాలు పోగొట్టుకున్నాడు. చంకకర్రల మీద గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏటి బావా, నన్నొగ్గీసి ఎలిపోతన్నావేటి?"

"రేపు బావా," అన్నాడు సొఖా. ఏడాదిలో అతనికి బాగా పట్టుబడిన తెలుగు అదే.

"నీ రేపొచ్చేలోపు కాలు దానంతటదే మొలిసీస్తాది!" సింహాద్రి ఆమె వైపు తిరిగాడు. "టీసరమ్మా, రావుగారు బాగున్నారా? ఆరి వరస నెంబరు నాకిచ్చీమనండి. మీ ఇంటికి నడిసొచ్చి మరీ దండమెడతాను."

మేనేజరు తిరుమలరావు రిజిస్టరు తెరిచాడు. "మేడమ్, ఇంక ఒక్క కాలికే టైముంది. వరసలో సార్‌దే ముందు. సార్ వస్తారా? లేదంటే సింహాద్రిది మొదలెట్టించేస్తాను."

ఆయన పోయారని చెప్పాలి. దారంతా ఆ మాటే మనసులో అనుకుంటూ వచ్చింది.

"ఆయనకి జ్వరంగా ఉందండీ," అంది. "మీరు చేసేయండి. నేను తీసుకెళ్తాను."

శనివారం సొఖా ఆ కాలిని పాత దుప్పటిలో చుట్టి, రెండు చేతులతో అందించాడు. ఎక్కడ ఒరుసుకుంటే ఎక్కడ దూది పెట్టాలో తన కాలి మీదే చూపించాడు. సింహాద్రి కర్రల మీద ఆటోదాకా వచ్చి, "అమ్మగారి సీటుమీద జాగర్తగా పెట్రా," అని డ్రైవరును కేకలేశాడు.

ఇంట్లో మంచం పక్కన దాన్ని నిలబెట్టి, ఆయన చెప్పు తొడిగింది. సరిపోయింది. దాంతో ఏం చేయాలో తోచలేదు.

సొఖా వెళ్లిపోయాక, ఇంకో పనివాడి వీసా కోసం ట్రస్టువాళ్లు కాగితాలు పంపారట. రోజారమణి రెండుసార్లు వాళ్ల గేటుదాకా వెళ్లి వచ్చింది. తిరుమలరావుకు ఇంకా ఏమీ చెప్పలేదు. సింహాద్రి కాలు ఇంకా చేయలేదు.