ఎర్ర గిటారు మీద గాజుల గీతలు

నేను ఒక ఎలక్ట్రిక్ గిటారును. పుట్టింది జపానులో, బతికింది విశాఖపట్నంలో. నన్ను కోసి, చెక్కి, ఎర్ర రంగు వేసిన వాళ్ల ముఖాలు నాకు గుర్తు లేవు. ఓడలో పనిచేసే కళాసీ ఒకడు సరదాపడి కొన్నాడు. వాయించబోతే తోటివాళ్లు తిట్టారు. ఓడ విశాఖ రేవుకు చేరినప్పుడు, క్రేను నడిపే తులసీరావు నావంక ఆశగా చూస్తుంటే, అతని చేతుల్లో పెట్టేసి వెళ్లిపోయాడు. తమకు చేతకానిదాన్ని ఇచ్చేసి దాతలనిపించుకోవడం మనుషులకు అలవాటే.

తులసీరావుకు నేను చేతనయ్యాను. పగలు క్రేను, సాయంత్రం ఆర్కెస్ట్రా. చవితి పందిళ్లు, పెళ్లిళ్లు, రైల్వే వాళ్ల సభలు, ఎక్కడికైనా నన్ను సైకిలు మీద వేసుకుని పోయేవాడు. నా వాల్యూమ్ మీట విరిగితే పాత రేడియోలోంచి తెల్లటిది పీకి బిగించాడు. దాన్ని చూసి పడీపడీ నవ్వింది ఆర్కెస్ట్రాలో పాడే సెలీనా. ఆ నవ్వు అతనికి నచ్చింది. ఆ ఏడే చర్చిలో పెళ్లయింది.

పెళ్లయ్యాక సెలీనా నన్ను నేర్చుకోవడం మొదలుపెట్టింది. వాయించేటప్పుడు ఆమె కుడి చెయ్యి నా పై అంచుమీద ఆనేది. గాజులు రంగును గీసేవి.

"ఆ గాజులు తీసి వాయించొచ్చు కదా! గిటారు పాడైపోతంది" అనేవాడు తులసీరావు.

"తీసేత్తే ఆ చెయ్యి నాది కానట్టుంటాది. గీతలు పడితే పడనీ, నేనూ వాయించేనని గుర్తుంటాది" అనేది ఆమె.

అలా నా అంచుమీద నెలవంకల్లాంటి గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పాప ప్రిసిల్లా పుట్టాక, దాన్ని ఒడిలో పెట్టుకుని, నన్ను దానిమీదుగా పట్టుకుని వాయించేది.

పాపకు మాటలు బాగా వచ్చేసరికి సెలీనాకు పచ్చకామెర్లు వచ్చాయి. మందులు వాడారు, పసరు పోశారు, ప్రార్థనలు చేశారు. ఆమె దక్కలేదు. సమాధి చేసి వచ్చాక తులసీరావు నన్ను ఒడిలోకి తీసుకున్నాడు. తీగ మీటలేదు. ఆ గీతల మీద వేలితో రాసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు ఆర్కెస్ట్రా స్నేహితుణ్ణి పిలిచి, "తీసుకుపోరా. ఇది ఇంట్లో ఉంటే నేను పిల్లని పెంచలేను" అన్నాడు.

ఆ స్నేహితుడు నన్ను విజయనగరం తీసుకుపోయాడు. అతని తరవాత ఎవరెవరివో చేతులు మారాను. చివరికి బొబ్బిలిలో ఒక మైకుసెట్ల షాపు అటకెక్కాను. తీగలు తుప్పుపట్టి తెగిపోయాయి. లోపలి వైర్లను ఎలుకలు కొరికాయి. పావురాలు నామీదే కాపురం పెట్టాయి.

అక్కడ విశాఖలో, ఇంట్లో భార్య ఊసే ఎత్తేవాడు కాడట తులసీరావు. పిల్ల అడిగితే లేచి బయటికి వెళ్లిపోయేవాడట. ప్రిసిల్లాకు మిగిలింది ఒక్క ఫోటో. అందులో అమ్మ ఉంది, నేనున్నాను, నా తెల్ల మీట ఉంది. ఆమె పెద్దదై, ఐ.టి.ఐ.లో వైరింగు నేర్పే టీచరైంది. సెలవు దొరికితే చాలు, ఫోటో పట్టుకుని పాత ఆర్కెస్ట్రా వాళ్ల ఇళ్లూ, మైకుసెట్ల షాపులూ తిరిగేది. తండ్రికి మాత్రం చెప్పలేదు. గిటారు దొరికితే తండ్రి ఒడిలో పెట్టాలి, ఆయన నోట అమ్మ మాట వినాలి. అంతే ఆమె కోరిక.

బొబ్బిలి షాపాయన నన్ను అటకమీంచి దింపుతూ, "ఇది పలకదమ్మా. ఏటి చేసుకుంటావు?" అన్నాడు. ఆమె చున్నీతో నా ఒళ్లు తుడిచింది. తెల్ల మీట బయటపడింది. నన్ను గుండెకు అదుముకుని షాపు మెట్లమీదే కూలబడి ఏడ్చింది.

తరవాత తన గదిలో నన్ను బాగుచేయడం మొదలుపెట్టింది. కొరికిన వైర్లు పీకి కొత్తవి అతికింది. వంగిన మెడ సరిచేసింది. కొత్త తీగలు కట్టింది. యాంప్లిఫయరుకు తగిలించి మీటగానే నా గొంతు నాకే వినిపించింది. ఆ క్షణం ఆమెకన్నా నేనే ఎక్కువ సంతోషించానేమో.

ఇక మిగిలింది రంగు. నా అంచుమీది గీతలను వేలితో తడిమి, "ఎవరో గానీ నిన్ను మోటుగా వాడేరు పాపం" అంది. ఫోటోలో ఆ గీతలు కనిపించవు. చెప్పే మనిషి ఎన్నడూ చెప్పలేదు. నాకా, ఎవరైనా మీటితే తప్ప నోరు లేదు. సాండ్‌పేపరు తీసుకుని రుద్దింది. వేళ్లు ఒరుసుకుపోయినా ఆపకుండా, ప్రేమగా, ఒక్క గీత కూడా మిగలకుండా రుద్దింది. దానిమీద ఎర్ర రంగు వేసింది.

తులసీరావు పుట్టినరోజున చర్చి నుంచి రాగానే నన్ను తెచ్చి ఒడిలో పెట్టింది. ముసలాయన నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎక్కడ దొరికిందే ఇది?"

"బొబ్బిలిలో నాన్నా. అమ్మదే. తెల్ల మీట చూడు!"

ఆయన మీటను చూడలేదు. కుడి చెయ్యి సూటిగా నా పై అంచుకు వెళ్లింది. వేళ్లు ముందుకు పోయాయి, వెనక్కి వచ్చాయి, మళ్లీ ముందుకు పోయాయి. అంతా నున్నగా ఉంది.

"ఇక్కడ..." అన్నాడు.

"ఏంటి నాన్నా?"

ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆయన ఆ ముఖాన్ని చూశాడు.

"ఏటీ లేదమ్మా. ఎంత నున్నగా ఉందో అంటన్నాను."

"నేనే రుద్దేను! చూడు, చేతులెలా అయిపోయాయో" అంటూ చేతులు చాపింది. వేలికొనల మీద చర్మం లేచిపోయి ఉంది. ఆయన ఆ రెండు చేతుల్నీ కళ్లకద్దుకుని బావురుమన్నాడు.

"నా చేతులకేం కాలేదు నాన్నా, ఊరుకో" అంటూ తనూ ఏడ్చింది, నవ్వింది. "మీ అమ్మ అచ్చం ఇలాగే నవ్వేది" అన్నాడాయన. ఇన్నేళ్లుగా ఆమె కాచుకున్న మాట అదే.

కాసేపటికి ఆయన వాయించాడు. ఆమె కళ్లు మూసుకుని వింది కనుక చూడలేదు. వాయించినంతసేపూ ఆయన కుడి చెయ్యి, సెలీనా గాజులు గీసిన నా అంచుమీద ఆనలేదు. నొప్పెడుతున్నా దాన్ని గాలిలోనే ఎత్తి పట్టుకున్నాడు.